గోధుమరంగు కళ్లు

ఆమె కళ్లు ఏ రంగువో ఎవరూ చెప్పలేదు.
ఎముక చాలా చెబుతుంది గానీ అది చెప్పదు.
ఆ వారం నా డబ్బాలో మిగిలిన గాజుకళ్లు గోధుమరంగువి,
అవే పెట్టాను.

థండర్ బే ఆసుపత్రి నేలమాళిగ, ఎనభై ఏడు ఫిబ్రవరి.
బయట సరస్సు గడ్డకట్టి
రాత్రుళ్లు పాత తలుపులా కిర్రుమంటోంది.
పుర్రె అట్టపెట్టెలో వచ్చింది,
టమాటా డబ్బాల కంపెనీ పేరున్న పెట్టె.
మూతమీద నంబరు: ఎనభై ఆరు, నూట పద్నాలుగు.

వేటకు పోయినవాళ్లకు కంకరగుంటలో దొరికిందట.
ఇరవైకీ ముప్పైకీ మధ్య వయసు.
ఎడమ మణికట్టు చిన్నప్పుడెప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది.
ఎర్ర ఊలు చేతితొడుగు, ఒక్కటే.
తల వెనక ఏం జరిగిందో రిపోర్టులో ఉంది.
అది నా పని కాదు.
నా పని ముందువైపు.

చర్మం ఎక్కడ ఎంత మందమో చెప్పే పట్టిక ఉంటుంది మాకు.
పెన్సిలు రబ్బరు ముక్కలు కోసి
ఇరవై ఒక్క చోట అతికిస్తాను,
వాటి ఎత్తుకు మట్టి నింపుకుంటూ పోతాను.
చెక్కిళ్ల వరకూ లెక్క.
ముక్కుకొన, పెదవి, చెవితమ్మె, అక్కణ్ణించి అంతా ఉజ్జాయింపే.
ఆ మాట కోర్టులో ఎప్పుడూ గట్టిగా అనలేదు.
నోరు మూసే ఉంచాను. నవ్వించడానికి నేనెవర్ని?

ఫోటో పేపర్లో వేశారు, పెట్రోలు బంకుల్లో అంటించారు.
నలభై ఫోన్లు.
ఒకాయన అది తన పెళ్లామే అన్నాడు,
వెనకనుంచి ఆవిడ "ఎవరితో ఆ మాటలు" అని అరుస్తోంది.
తర్వాత అవీ ఆగిపోయాయి.
ఊళ్లోవాళ్లు చందాలు వేసుకుని పూడ్చారు.
రాయి మీద పేరుండాల్సిన చోట "ఒక స్త్రీ" అని చెక్కారు.

మట్టిని ఒలిచి ఇంకో ముఖానికి వాడుకున్నాను,
ఖరీదైన మట్టి అది.
ప్లాస్టర్ అచ్చు మాత్రం పారెయ్యలేక ఇంటికి తెచ్చుకున్నా.
ఉతికే మెషిన్ పైన, అలమర మీద, ముప్పై ఆరేళ్లు.
బట్టలు మడతపెడుతూ హెల్మి అని పిలిచేదాన్ని,
మా అమ్మమ్మ ఫిన్నిష్‌లో ముత్యమని అర్థం.
మా ఆయనక్కూడా తెలీదు.

మొన్న అక్టోబరులో కానిస్టేబుల్ బొడ్నార్ ఫోన్ చేశాడు,
కేసు నాటికి పుట్టనైనా పుట్టని కుర్రాడు.
ఒక పన్నులోంచి తీసిన పొడి,
ఎవరో దూరపు చుట్టం సరదాకి పంపుకున్న ఉమ్మి,
రెండూ ఒక ముత్తాత దగ్గర కలిశాయట.
"పేరు దొరికింది, మేడమ్."
ఓడెట్ టెరియో. న్యూ బ్రన్స్‌విక్, చేపల రేవు.
ఆ పేరు నోట్లో అటూ ఇటూ తిప్పుకున్నాను.
హెల్మికి ఇక పని లేదు.

చెల్లెలు రోలాండ్ మూడు రోజులు కారు నడుపుకుంటూ వచ్చింది.
అరవై రెండేళ్లు, పీతలు ఒలిచి ఒలిచి
వేళ్లు మొద్దుబారిన మనిషి.
సంచిలోంచి ఫోటో తీసింది:
పడవ అంచున ఓడెట్, పళ్లన్నీ కనబడేలా.
కళ్లు బూడిదరంగు.
ముక్కు నేను చేసినదానికన్నా చప్పిడి.
నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.
"మణికట్టు?" అన్నాను, అడగడానికి అదొక్కటే మిగిలినట్టు.
"నేనే తోశాను. చర్చి మెట్ల మీంచి. నాకప్పుడు ఏడేళ్లు.
తనే పడ్డానని అమ్మకు చెప్పింది."

అచ్చును దీపం కిందికి జరిపాను.
చాలాసేపు చూసింది.
"ఇది మా అక్క కాదు."
తెలుసు, అనబోయాను.
"ఇది మా అమ్మ.
కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని
బస్సు వచ్చే వేళకల్లా కూచునే చివరి ఏళ్ల అమ్మ.
నోరిలాగే బిగించేది."

చంపినవాడెవడో ఇంకా తెలీదు. బొడ్నార్ ఫైలు మూయలేదు.
రాయి మీద అక్షరాలు మార్చాలంటే
మంచు కరగాలన్నాడు చెక్కేవాడు.

రోలాండ్ అచ్చును నా పాత దుప్పట్లో చుట్టుకుంది.
కారు వెనక డిక్కీలో పెట్టమన్నాను. వినలేదు.
ముందుసీట్లో కూచోబెట్టి,
బెల్టు లాగి, బిగిసిందో లేదో ఒకసారి గుంజి చూసుకుని,
దుప్పటి ముఖం మీంచి కొంచెం పక్కకు తీసి,
హైవే ఎక్కింది.